భౌతికశాస్త్రపు తరగతిలో పని యెవరిది?



ఇంటర్మీడియేట్ ఎంపీసీలో నూటికి తొంబది మార్కులు తెచ్చుకొన్న విద్యార్థి నెవరినైనను పిలిచి ఒక చిన్న ప్రశ్న వేసి చూడుడు. జాతీయ రహదారి మీద నిండు సరకుతో వచ్చుచున్న లారీ యొకటి, ఎదురుగా వచ్చుచున్న ఆటోను గ్రుద్దినది. ఆ గ్రుద్దిన క్షణమున ఆటో మీద లారీ చూపిన బల మెక్కువా, లారీ మీద ఆటో చూపిన బల మెక్కువా, లేక రెండును సమానమా? న్యూటన్ మూడవ గతినియమమును నిద్రలో లేపి యడిగినను పొల్లుపోకుండ అప్పగింపగల ఆ విద్యార్థి, తరచుగా, లారీ బలమే యెక్కువ యని చెప్పును. ఆటో నుజ్జునుజ్జగుటయు, లారీ బంపరు మాత్రము సొట్టపడుటయు తాను కన్నులార చూచిన విషయము. చర్యకు ప్రతిచర్య సమానమనునది పుస్తకమున చదివిన విషయము. ఆ రెండింటిని ఎదురెదురుగ నిలిపి తేల్చుకొను నవకాశము పండ్రెండేండ్ల చదువులో ఒక్కనాడును కలుగలేదు. నిజమునకు బలములు రెండును సమానములే. ఆటో ద్రవ్యరాశి తక్కువ, కూర్పు బలహీనము గనుక ఆ సమానబలమే దానికి మిక్కిలి త్వరణమును కలిగించి, దానిని చిదిమివేసినది. ఈ సంగతి చెప్పుటకు రెండు నిమిషములు చాలును. అయినను ఆ రెండు నిమిషముల వివరణ శ్రద్ధగా విన్న విద్యార్థియే, పది దినముల తరువాత ప్రశ్నను కొంచెము మార్చి యడిగినచో, మరల మొదటి పొరపాటే చేయును. చక్కగా చెప్పిన పాఠము చక్కగా విన్నవారికి ఎందుకు అంటుట లేదు? ఈనాటి ప్రసంగమునకు విషయ మిదియే.

ఈ లారీ ప్రశ్న నేను కల్పించినది కాదు. అమెరికాలోని అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయమున ఇబ్రహీం హలూన్, డేవిడ్ హెస్టెనెస్ అను నిరువురు, కళాశాల విద్యార్థులకు చలనమును గురించి యున్న భావములను పరీక్షించి 1985లో తమ ఫలితములను ప్రకటించిరి. ఆ త్రోవనే సాగి హెస్టెనెస్ తన సహచరులతో కలసి 1992లో, లెక్క చేయనక్కరలేని, సూత్రము గుర్తుంచుకొననక్కరలేని, కేవలము బలమన నేమో తెలిసినదా లేదా యని మాత్రమే కొలుచు ప్రశ్నావళి నొకదానిని కూర్చెను. లారీకి, చిన్నకారుకు సంబంధించిన ప్రశ్న అందులోనిదే. దానిని నేను మన రోడ్డెక్కించితిని. హార్వర్డ్ విశ్వవిద్యాలయమున మంచి ఉపన్యాసకుడని పేరు పొందిన ఎరిక్ మాజూర్, 1990 ప్రాంతమున హలూన్, హెస్టెనెస్‌ల వ్యాసములను చదివి, ఇది తన శిష్యులకు వర్తింపదను ధీమాతో వారికి ఆ వ్యాసములలోని పరీక్ష పెట్టెను. అప్పుడు విద్యార్థి యొకరు, ఈ ప్రశ్నలకు మీరు నేర్పినట్లు సమాధానము వ్రాయవలెనా, నేను మామూలుగా తలచునట్లు వ్రాయవలెనా యని యడిగినట్లు ఆయనయే పలుచోట్ల చెప్పియున్నాడు. ఆ అమాయకపు ప్రశ్నలో మన వ్యాధి యంతయు బయటపడినది. విద్యార్థి మనస్సులో భౌతికశాస్త్రములు రెండున్నవి: ఒకటి పరీక్షాపత్రముపై వ్రాయుటకు, మరియొకటి వీధిలో నడచుటకు.

ఆ రెండవ శాస్త్రమును మూఢత్వమని తీసివేయుట తగదు. పల్లెటూరి పిల్లవాడు బడికి రాకమునుపే, ఎడ్లు లాగినంతసేపే బండి కదలుననియు, ఎడ్లు నిలిచినచో బండియు నిలుచుననియు చూచియున్నాడు. సైకిలు తొక్కుట మానినచో కొంతదూరము పోయి ఆగిపోవుననియు ఎరుగును. కావున వస్తువు కదలుచుండవలెనన్నచో బలము ఎడతెగక పనిచేయుచుండవలెనని తీర్మానించుకొనును. ఘర్షణబలము కంటికి కనబడనిది గనుక ఆ తీర్మానము సహజమైనది. అరిస్టాటిల్ మొదలు గెలీలియో వరకు రెండువేల యేండ్లకు దగ్గరగా పండితులలో పెక్కుమంది ఇంచుమించు అట్లే తలచిరి. అంతటి యనుభవబలము గల నమ్మకము, మాస్టారు నల్లబల్లపై వ్రాసిన ఒక్క వాక్యమునకు లొంగిపోవునని ఆశించుట అత్యాశ. ఆ నమ్మకమును విద్యార్థి నోట పలికించి, దానినిబట్టి ఏమి జరుగవలెనో ముందుగా చెప్పించి, జరిగినదానిని చూపించి, రెండింటికిని పొసగనిచోట విద్యార్థియే నిలిచి ఆలోచించునట్లు చేసిననే అది సడలును. ఈ పని విద్యార్థి చేయవలసినది. విద్యార్థి పక్షమున ఉపాధ్యాయుడు చేసిపెట్టుటకు వీలు కానిది.

మాజూర్ ఈ మర్మమును దాదాపు అప్రయత్నముగ కనుగొనెను. ఒకనాడు తరగతిలో అట్టి ప్రశ్ననే యొక రీతిని వివరించి, విద్యార్థుల ముఖములు చూచి, మరియొక రీతిని వివరించి, అప్పటికిని వారి అయోమయము తీరకపోగా, ఏమియు తోచక, మీలో మీరు మాటాడుకొనుడని అనెను. హాలంతయు ఒక్కమారుగా కలకలలాడినది. ఆచార్యుడు తీర్చలేకపోయిన సందేహమును ప్రక్కనున్న విద్యార్థి క్షణములలో తీర్చివేసినాడు. ఇందులో వింత లేదు. ఏండ్ల తరబడి బోధించుచున్నవానికి, తాను మొట్టమొదట తికమకపడిన ఘట్టము జ్ఞప్తిలో నుండదు. ఐదు నిమిషముల క్రిందట అర్థము చేసికొన్నవానికి ఆ ముడి యెక్కడ పడినదో, ఎట్లు విడినదో ఇంకను స్పష్టముగ తెలియును.

దీనిని మాజూర్ ఒక క్రమమైన పద్ధతిగ తీర్చిదిద్ది, 1997లో గ్రంథరూపమున ప్రకటించెను. అధ్యాపకుడు ఒక భావమును కొద్ది నిమిషములు మాత్రము వివరించి, దానిపై నొక ప్రశ్న వేసి, కొన్ని సమాధానములను ముందుంచును. ప్రతి విద్యార్థియు ఎవరితోను మాటాడక ఒకటి రెండు నిమిషములు ఆలోచించి, ఒక సమాధానమునకు కట్టుబడవలెను. సరిగా చెప్పినవారు నూటికి ముప్పదిమంది లోపుగ నున్నచో విషయమును మరల వివరింపవలెను; డెబ్బదిమందికి మించినచో క్లుప్తముగ ముగించి ముందుకు సాగవచ్చును. ఈ రెండింటికి నడుమ నున్నప్పుడు మాత్రము, భిన్నమైన సమాధానము నెంచుకొన్న పొరుగువారితో ప్రతివారును తమ కారణములు చెప్పి వాదింపవలెను. పిమ్మట మరల సమాధానములు సేకరించి, చివరకు అధ్యాపకుడు వివరించును. సమాధానములు సేకరించుటకు ఖరీదైన యంత్రములు పుట్టినవి గాని, నాలుగు రంగుల అట్టముక్కలు వాడినను నేర్చుకొనుటలో తేడా యుండదని ఒక పరిశీలన తేల్చినది. ఆ అట్టముక్కను తలపైకి ఎత్తక, రొమ్మునకు ఆనించి పట్టుకొమ్మని చెప్పుట మేలు. అట్లు పట్టినచో మాస్టారికి తప్ప వెనుకవారికి కనబడదు గనుక, సిగ్గరి పిల్ల సయితము తోటివారిని చూచి రంగు మార్చక, తనకు తోచినదే చూపును.

ఈ మార్గము ఫలించినదా యనుటకు లెక్కలున్నవి. రిచర్డ్ హేక్ అను ఇండియానా విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్రజ్ఞుడు, 62 తరగతులకు చెందిన 6,542 మంది విద్యార్థుల ఫలితములను ప్రోగుచేసి 1998లో ప్రకటించెను. కోర్సు మొదట పెట్టిన పరీక్షలో విద్యార్థులకు తెలియనిదెంతయో చూచి, అందులో కోర్సు ముగియునప్పటికి ఎంత పాలు తెలిసినదో ఆయన లెక్కించెను. ఉపన్యాసమే ప్రధానమైన తరగతులలో అది సగటున 23 శాతము. విద్యార్థులు చేతితోను, నోటితోను, బుద్ధితోను పాల్గొన్న తరగతులలో 48 శాతము. 2014లో మరికొందరు, విజ్ఞానశాస్త్రములు, ఇంజనీరింగు, గణితములందలి 225 పరిశోధనలను ఒకచోట చేర్చి చూడగా, ఉపన్యాసపు తరగతులలో తప్పినవారు 33.8 శాతము కాగా, విద్యార్థులు పాల్గొను తరగతులలో 21.8 శాతమునకు తగ్గినట్లు తేలినది.

ఇక అంకెలు విడిచి చేతిపనికి వత్తము. ఒక టార్చిలైటు బల్బు, ఒక సెల్లు, జానెడు రాగితీగ పిల్లలచేతి కిచ్చి, బల్బు వెలిగింపుడని చెప్పి, మాస్టారు మాటాడక ఊరకుండవలెను. మొదట పిల్లలు బల్బు అడుగునున్న బొడిపెను సెల్లు మీద నిలిపి, వెలుగకపోగా ఆశ్చర్యపడుదురు. అటుపిమ్మట తీగ ఒక కొనను సెల్లు అడుగునకు, రెండవ కొనను సెల్లు పైనున్న బొడిపెకే తగిలింతురు; బల్బు వెలుగదు గాని తీగ వేడెక్కి వ్రేళ్లకు చుర్రుమనును. ఆ వేడిమి, ఏదో ప్రవహించుచున్నదని పుస్తకము చెప్పకముందే చెప్పును. చివరకు ఒక బాలిక తీగ కొనను బల్బు ప్రక్కనున్న లోహపు చుట్టునకు తాకింపగా బల్బు వెలుగును. ఇక వివరణ ఎవ్వరు చెప్పనక్కరలేదు. బల్బునకు రెండు ద్వారము లుండవలెననియు, లోపలి సన్నని తీగ కొసలు ఒకటి బొడిపెకు, ఒకటి చుట్టునకు కలసియుండవలెననియు, వలయము పూర్తి కావలెననియు వారే వాదించి స్థాపింతురు. తరువాత అటువంటివే రెండు బల్బులను శ్రేణిలో కలిపి, ఏది యెక్కువ వెలుగునని ముందుగా చెప్పుమన్నచో, మొదటిది కొంత విద్యుత్తును తినివేయును గనుక రెండవది మసకగ వెలుగునని పలువురు చెప్పుదురు. రెండును సమానముగ వెలుగుట చూచి నోరు తెరతురు. పెద్దచదువు చదివినవారికి ఈ భ్రమ లేదనుకొనవలదు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున లిలియన్ మెక్‌డెర్మట్ బృందము, ఒంటరి బల్బు, శ్రేణిలో రెండు, సమాంతరముగ రెండు, ఈ అయిదింటి వెలుగును పోల్చుమని కళాశాల విద్యార్థులను అడుగగా, సరిగా చెప్పినవారు నూటికి పదునైదుగురే. క్లిష్టమైన వలయముల లెక్కలు చేయువారు సయితము అందులో చిక్కుకొనిరి.

ఇట్టి బోధన ధనవంతుల దేశములకే సాధ్యమను వారికి హోషంగాబాద్ చాలిన సమాధానము. 1972లో మధ్యప్రదేశ్‌లోని ఆ జిల్లాయందు కిశోర్ భారతి, రసూలియా గ్రామమునందలి ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అను స్వచ్ఛందసంస్థలు రెండు, పదునారు ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలలలో విజ్ఞానశాస్త్రమును ప్రయోగము ద్వారా నేర్పుటకు పూనుకొనినవి. ఢిల్లీ విశ్వవిద్యాలయమునుండియు, బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థనుండియు శాస్త్రజ్ఞులు వచ్చి పల్లెటూరి ఉపాధ్యాయులతో కలసి పనిచేసిరి. పిల్లలు చిన్న జట్టులుగ కూర్చుండి ప్రయోగము చేయుదురు; చూచినది వ్రాసికొందురు; తరగతి యంతయు చర్చించి తేల్చుకొందురు. పాఠ్యపుస్తకమున ప్రశ్నలే గాని, కంఠస్థము చేయుటకు సమాధానము లుండవు. పరీక్షకు పుస్తకము తెచ్చుకొనవచ్చును. చేతితో చేసి చూపవలసిన ప్రయోగపరీక్షయు నుండును. సైకిలు వాల్వుట్యూబు ముక్కలతో అగ్గిపుల్లలను కలిపి ఆకృతులు నిర్మించు ఆటవస్తువును అరవింద్ గుప్తా రూపొందించినది 1978లో అక్కడనే. ఆ సంవత్సరముననే ఈ కార్యక్రమము జిల్లాలోని మాధ్యమిక పాఠశాల లన్నింటికిని వ్యాపించినది. 1982లో ఏకలవ్య సంస్థ పుట్టి దీని భారమును వహించినది. 2002లో రాష్ట్రప్రభుత్వము దీనిని నిలిపివేసినను, ముప్పదేండ్లపాటు సర్కారుబడి పిల్లలు, సర్కారు జీతపు మాస్టర్లు, చవుక సామగ్రితో నిర్వహించిన పని కాదనరానిది. మాస్టర్లు మాసమున కొకమారు కలసి తమకు తెగని ప్రశ్నలను చర్చించుకొనుట యందలి ముఖ్యమైన యంగము. నాకును తెలియదు, కలసి చూతమని మాస్టారు చెప్పగల వాతావరణము దానివలననే ఏర్పడినది. మన కుప్పము సమీపమునుండి అగస్త్య సంస్థవారు ప్రయోగసామగ్రిని వాహనములలో నింపి పల్లెబడులకు తీసికొనిపోవుచుండుట తెలుగుదేశమున ఇట్టి ప్రయత్నమే.

ఇంతవరకు చెప్పినది పిల్లలచేత చేయించుటను గురించి. ఇక అందరిచేతను చేయించుటను గురించి చెప్పవలసియున్నది. మన తరగతులలో పాఠము ముగియగానే మాస్టారు, అర్థమైనదా యని యడుగును, అయినదండీ యని ముందుబల్లలనుండి ముక్తకంఠముగ సమాధానము వచ్చును, పాఠము సాగిపోవును. మేరీ బడ్ రో అను అమెరికన్ విద్యావేత్త తరగతులలోని సంభాషణలను రికార్డు చేసి పరిశీలించి, ఉపాధ్యాయులు ప్రశ్న వేసిన పిమ్మట సగటున ఒక్క సెకను మాత్రమే వేచియుందురనియు, ఆ విరామమును మూడు సెకనులకు పెంచినంతనే, మందబుద్ధులని ముద్రపడిన పిల్లలును నోరు విప్పుదురనియు తెలిపెను. రెండు సెకనుల మౌనమునకు ఏ ప్రభుత్వము నిధులు మంజూరు చేయనక్కరలేదు గదా!

అట్లని పిల్లలను జట్టులుగ కూర్చుండబెట్టినంత మాత్రమున న్యాయము జరుగదు. ప్రయోగశాలలో నలుగురు గల జట్టును పరికించినచో, చొరవ గల బాలుడు పరికరమును చేజిక్కించుకొనును. అతని మిత్రుడు సలహా చెప్పును. చేవ్రాత బాగున్నదని బాలికను రికార్డు వ్రాయుమందురు. నాలుగవవాడు కిటికీలోనుండి చూచుచుండును. పద్ధతి క్రొత్తదైనను ఫలితము పాతదే. హార్వర్డ్‌లో చర్చాపద్ధతి వలన బాలబాలికల ఫలితములందలి అంతరము తగ్గినదని మాజూర్ బృందము 2006లో ప్రకటింపగా, మరుసటి సంవత్సరమే కొలరాడో విశ్వవిద్యాలయపు పరిశోధకులు, తమయొద్ద ఆ పద్ధతి యొక్కటియే అంతరమును తొలగింపలేదని వెల్లడించిరి. ఎవరిచేతిలో తీగ యున్నది, ఎవరిచేతిలో కలమున్నది యని ఉపాధ్యాయుడు గమనించి, ప్రయోగము మారినప్పుడెల్ల పనులు మార్పింపవలెను. పదవ తరగతి వరకు తెలుగులో చదివి, ఇంటర్మీడియేటులో ఒక్కమారుగా ఇంగ్లీషు ఉపన్యాసపు వెల్లువలో పడిన పిల్లలకు, ప్రక్కవారితో తెలుగులో వాదించు నవకాశమిచ్చినచో, వారికి కొరవడినది భాషయే గాని బుద్ధి కాదని వెంటనే తెలియును. చూపులేని విద్యార్థి యున్నచో వలయములో బల్బునకు బదులు చిన్న బజరు పెట్టవలెను; వలయము పూర్తియైనదో లేదో ఆ విద్యార్థియే చెవితో విని చెప్పును. అంతటితో ఆ విద్యార్థి జట్టులో ప్రేక్షకుడుగాక పరీక్షకుడగును.

ఈ శ్రద్ధకు ఫలితము గొప్పది. వెనుకబడిన వర్గములకును పేదకుటుంబములకును చెందిన విద్యార్థులను గురించి అమెరికాలో జరిగిన పెక్కు పరిశోధనలను క్రోడీకరించి 2020లో ప్రకటించిన సమీక్షలో, విద్యార్థులు పాల్గొను తరగతులలో వారికిని తక్కినవారికిని నడుమ మార్కులలోని అంతరము 33 శాతము, ఉత్తీర్ణతలోని అంతరము 45 శాతము తగ్గినట్లు తేలినది. తరగతి కాలములో అధికభాగమును ఈ పనికే వినియోగించినచోట మాత్రమే అట్టి మేలు కనబడినదట. ఇంటివద్ద చెప్పువారుగల పిల్ల తరగతిలో వినినదానిని ఇంటివద్ద చర్చించి అర్థము చేసికొనును. చెప్పువారు లేని పిల్లకు చర్చించుటకు తరగతి తప్ప వేరుచోటు లేదు. ఆ చోటును ఉపన్యాసముతో నింపివేయుట, లేనివారికి దక్కవలసినదానిని లాగికొనుటయే యగును.

సిలబస్ పూర్తి కాదని ఉపాధ్యాయమిత్రులు ఆక్షేపింతురు. సంగీతపు మాస్టారు తాను వర్ణము పాడి వినిపించినంతనే పాఠ మైనదనుకొనడు; ప్రతి శిష్యునిచేతను పాడించి, స్వరము తప్పినచోటనే ఆపి సరిదిద్దును. మన భౌతికశాస్త్రపు మాస్టారు మాత్రము తాను చివరి పుటకు చేరినచో తరగతియు చేరినదని భావించుచున్నాడు. తరగతిలో అరువదిమంది యున్నారందురు. మాజూర్ హాలులో వందకు మించి యుండిరి. ఈఏపీసెట్ వంటి ప్రవేశపరీక్షలకు లెక్కలు చేయవలెనందురు. తరగతిలో లెక్కలు తగ్గించి చర్చ పెంచినను తన విద్యార్థుల లెక్కలు చేయు శక్తి తగ్గకపోగా పెరిగినదని మాజూర్ చూపినాడు. విద్యార్థులే యిష్టపడరను మాటలో మాత్రము కొంత నిజమున్నది. 2019లో హార్వర్డ్‌లోనే జరిగిన పరిశోధనలో, చర్చించి నేర్చినవారు ఎక్కువ నేర్చియు, తక్కువ నేర్చితిమని భావించిరి. చక్కని ఉపన్యాసము విన్నవారు తక్కువ నేర్చియు, ఎక్కువ నేర్చితిమని తృప్తిపడిరి. ఆలోచించుటలోని శ్రమను తెలియకపోవుటగా వారు పొరబడిరి. కావున ఆ శ్రమయే చదువని మొదటి వారముననే పిల్లలకును, తల్లిదండ్రులకును నచ్చజెప్పవలెను.

ఒక్కనాటితో తరగతి నంతయు తలక్రిందులు చేయుమని నేను కోరుట లేదు. పీరియడునకు ఒక్క ప్రశ్న, దానికి నాలుగు అట్టముక్కలు, ఐదారు నిమిషముల వాదము; మొదటి సంవత్సరమున కింత చాలును. అయితే ఒక నియమమును మాత్రము విడువరాదు. జూన్ మాసమున తరగతి తెరచినప్పుడు బలమును గురించియో, విద్యుద్వలయమును గురించియో లెక్కలు లేని పది ప్రశ్నలిచ్చి సమాధానములు భద్రపరచుడు. సంవత్సరాంతమున అవే ప్రశ్నలు మరల ఇయ్యుడు. తరగతి సగటు పెరిగినదని యంతటితో సంతోషింపక, బాలికల కెంత పెరిగినది, తెలుగు మాధ్యమమునుండి వచ్చినవారి కెంత పెరిగినది, వెనుకబల్లల వారి కెంత పెరిగినదని విడివిడిగ లెక్కవేయుడు. జూన్‌లో వచ్చిన మార్కులు పిల్లలు తమ యిండ్లనుండి తెచ్చుకొన్నవి. ఆ పైన పెరిగినదే బడి యిచ్చినది. ఆ పెరుగుదల అందరికిని అందినదా, కొందరికే అందినదా యని ఆ కాగితములు చెప్పును. మరుసటి సంవత్సరము మన బోధనలో ఏమి మార్చుకొనవలెనో నిర్ణయించుకొనుటకు అంతకంటె నమ్మదగిన సలహాదారు వేరొకరు లేరు.